సామాన్ల దగ్గర మనిషి

"నువ్విక్కడే కూర్చో. నీకెలాగూ బొమ్మలేసుకోవడమేగా కావాలి," అన్నాడు భర్త, నాలుగో పెట్టె కూడా మ్యూజియం బయట బెంచీ పక్కన నిలబెడుతూ.

ఈ మాట ఆమెకి కొత్తేం కాదు. దేశం కాని దేశంలో దిగిన రోజునుంచీ వింటూనే ఉంది. రోజుకో ఊరు, పొద్దున్నే గది ఖాళీ చెయ్యడం, పెట్టెలు ఈడ్చుకుంటూ తిరగడం. కోట దగ్గరైనా, పడవల రేవు దగ్గరైనా సామాన్లు దాచిపెట్టే గది ఎదురుగానే ఉంటుంది. "మనిషి ఉండగా డబ్బులెందుకు తగలెయ్యడం?" అంటుంది అత్తగారు. ఆ మనిషెవరో వేరే చెప్పక్కర్లేదు.

బళ్ళో ఆమె డ్రాయింగ్ టీచరు. బయల్దేరేముందు తోటి టీచర్లు మంచి స్కెచ్ పుస్తకం కొనిచ్చి, చూసినవన్నీ వేసుకురమ్మన్నారు. ఎంత మురిసిపోయిందో పిచ్చిది! ఆ పుస్తకమే కాళ్ళకి అడ్డం పడుతుందని అప్పుడేం తెలుసు? ఆమె చేతిలో పెన్సిలుంటే చాలు, ఇంటిల్లిపాదికీ నిశ్చింత. "అదృష్టవంతురాలివి వదినా, హాయిగా కూర్చుంటావు. మాకు కాళ్ళు పీకేస్తున్నాయి," అని ఆడపడుచు పైనుంచి ఓ మాట.

నిన్న రైల్లో ఆ ఆడపడుచే పుస్తకం లాక్కుని తిరగేసి పడీపడీ నవ్వింది. "అన్నయ్యా, చూశావా! పెట్టెలు, సంచులు, అమ్మ చెప్పులు, మళ్ళీ పెట్టెలు! ఈ మాత్రం దానికి విమానమెక్కాలా? మన మంచం కింద చూసి వేసినా సరిపోయేదిగా!" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వేశాక, కోపమేమైనా ఉందేమోనని లోపల వెతుక్కుంది. లేదు. పంటి డాక్టరు మత్తుసూది వేశాక పెదవి ఉన్నట్టుంది లోపలంతా. ఉందని తెలుస్తుంది, తనదని అనిపించదు.

కానీ ఇవాళ్టి సంగతి వేరు. ఈ మ్యూజియంలో ఒక బొమ్మ ఉంది. కిటికీ పక్కన ఒక కూజా, దాని మీద పొద్దుటి వెలుగు, అంతే. ఏడో తరగతి పుస్తకంలో అగ్గిపెట్టంత అచ్చేశారు. ఏళ్ళ తరబడి దాన్నే చూపించి, ఆ కూజా నీడలో నీలం ఉంటుందర్రా అని పిల్లలకి చెప్పింది. అచ్చులో మాత్రం నీడ బొగ్గులా ఉండేది. ఉందో లేదో తనకే తెలియని నీలం గురించి ఇన్నాళ్ళూ చెప్పుకొచ్చింది. సాయంత్రం తిరుగు విమానం. ఇప్పుడు చూడకపోతే ఇక చూసేది లేదు.

"నేనూ వస్తానండీ. ఆ ఒక్కటీ చూసి వచ్చేస్తాను," అంది.

"బొమ్మేగా! ఫోన్లో తీసుకొస్తాలే," అన్నాడు భర్త. ఎంత దయో! వాళ్ళు ముగ్గురూ లోపలికి వెళ్ళిపోయారు.

ఆమె పెన్సిలు తీసింది. అలవాటు కొద్దీ పెట్టెలు వేసింది. వాటి పక్కన బెంచీ వేసింది. బెంచీ మీద మిగిలిన ఖాళీ వంక కాసేపు చూసి, అందులో తనని వేసింది. వంచిన మెడ, ఒళ్ళో అత్తగారి సంచి, దాని మీద రెండు చేతులు. పోలిక చక్కగా కుదిరింది. కుదరదూ మరి, ఇన్నాళ్ళ సాధన! కాగితం చింపి పెద్ద పెట్టె పిడికి దోపింది. లేచి, టికెట్ కొనుక్కుని లోపలికి నడిచింది. గుండె దడదడలాడుతుందేమో అనుకుంది గానీ, అదీ లేదు.

బొమ్మ తను అనుకున్నంత పెద్దదేం కాదు. దగ్గరికెళ్ళి నీడ వంక చూసింది. నీలం ఉంది. కాస్త కాదు, నీడంతా నీలమే. మత్తుసూది తిమ్మిరి వదులుతున్నప్పటిలా లోపలెక్కడో సన్నగా నొప్పి మొదలైంది. కళ్ళు తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

"నువ్వొచ్చేశావేంటి?" వెనకనుంచి భర్త గొంతు, కంగారుగా. "మరి సామాన్ల దగ్గరెవరున్నారు?"

"నేనే ఉన్నాను," అంది, నీలం మీంచి చూపు తిప్పకుండా. "వెళ్ళి చూసుకోండి."