అత్త చేతి అగరొత్తి

మా అత్త గున్నమ్మ నాతో మాట్లాడదు. కోపం ఉండి కాదు, మా వైపు అత్తలు అల్లుడికి ఎదురుపడరు. మామ పోయాక మా దగ్గరే ఉంటోంది. ఉక్కు ప్లాంటు పక్క బస్తీ క్యాంప్ వన్‌లో మాది రెండు గదుల ఇల్లు, దాక్కోవడానికి చోటెక్కడిది? అయినా తలుపు చాటున నిలబడి, చెప్పాల్సింది మా ఆవిడ సత్యలక్ష్మి చేత చెప్పించేది. రోజూ పొద్దున్నే నేను టాక్సీ స్టార్ట్ చేసి టీ తాగడానికి లోపలికి వెళ్తే, అప్పుడొచ్చి కారు ముందున్న ఊచల జాలీకి అగరొత్తి తిప్పి వెళ్లిపోయేది.

పాతదైనా ఆ టాక్సీయే మాకు అన్నం పెట్టేది. ఆ ఏడు విశ్వకర్మ పూజకి ప్లాంటులో మిషన్లన్నీ తళతళలాడుతుంటే నాకూ బుద్ధి పుట్టింది. ఎవరో మిగిల్చిన వెండిరంగు పెయింటు తెచ్చి, తుప్పు కనబడకుండా రేడియేటరుకి రెండు పూతలు దట్టంగా పూశాను. వీధంతా మెచ్చుకుంది.

మర్నాటి నుంచి మొదలైంది. పక్క ఊరు దుర్గు చేరేసరికి రేడియేటరులో నీళ్లు కుతకుత. హోసులు మార్చాను, బెల్టు బిగించాను, వాటర్ పంపు విప్పి చూశాను, థర్మోస్టాటు తీసేశాను. ఆఖరికి మెకానిక్కు చేతులు దులుపుకుని, "ఇంజినే పోయింది, అమ్మెయ్" అన్నాడు.

మధ్యలో ఒకసారి సత్యలక్ష్మి, "అమ్మ ఏదో అంటంది, అగరొత్తి పొగ..." అని ఎత్తింది. "పొయ్యి దగ్గర కబుర్లు పొయ్యి దగ్గరే ఉంచమను" అని కసిరాను. నా నోరు అలాంటిది.

పన్నెండో రోజున తుక్కు కొనే సేట్ దుర్గు నుంచి వచ్చాడు. కారు స్టార్ట్ చేయించి, చుట్టూ తిరిగి చూసి, "చాబీ దో భయ్యా" అని చెయ్యి చాపాడు. ఇంజిను ఆపుదామని తాళం మీద చెయ్యేశాను.

"ఆపకు బాబూ!"

గున్నమ్మ గుమ్మం దాటి వచ్చేసింది. కొంగు నెత్తిమీదకి లాక్కుని, నోళ్లు తెరిచిన వీధినంతా దాటుకుని, కారు ముందు అగరొత్తి వెలిగించి పట్టుకుంది.

"సూడు. మునుపు పొగంతా లోనికి లాగేసీది. నువ్వు రంగు పూసిన కాడి నుండీ నా కళ్లల్లోకొస్తంది. బొగ్గుల సిగిడీ కింద బూడిద పూడిపోతే గాలాడతాదేటి? ఇదీ అంతే."

ఇంజిను తిరుగుతోంది, రేడియేటరు వెనక గాలి లాగే ఫ్యానూ తిరుగుతోంది. పొగ మాత్రం నిటారుగా ఆవిడ ముఖం మీదకే లేచింది. బోనెట్ ఎత్తి చూద్దును కదా, రేడియేటరు రేకుల మధ్య సన్నటి సందులన్నీ నా వెండిపూతతో పూడుకుపోయి ఉన్నాయి. దాని ఊపిరి నేనే మూసేశాను.

సేట్‌ని పంపేశాను. రేడియేటరు విప్పి, థిన్నరు పోసి నానబెట్టి, రెండు రోజులు చీపురుపుల్లలతో సందు సందూ గీకాను. మూడోనాడు దుర్గు వెళ్లి వచ్చినా వేడి చూపే ముల్లు నడిమి దాటలేదు. ఇంటి ముందు అగరొత్తి పెడితే పొగ సర్రున లోపలికి పోయింది. బడి ముఖం చూడని మనిషి! నేనూ మెకానిక్కూ చేతులేసి తేల్చలేనిది వంటింటి సిగిడీ చూసి పట్టేసింది. ఆవిడకి దండం పెట్టాలనిపించింది.

"ముందే చెబితే ఏం పోయింది అత్తా?" అన్నాను.

ఆవిడ అప్పటికే తలుపు చాటుకి వెళ్లిపోయింది. ఈసారి మాత్రం కూతురి కోసం చూడలేదు.

"సెప్పించాను గదా బాబూ."

నాకు తల కొట్టేసినట్టయింది.