వందన సమర్పణలో లేని పేరు

రాహేలు ఉడికిన ఎండుద్రాక్షను గుడ్డలో వేసి పిండుతోంది. కూర్చున్నది మా వంటింట్లోనే, కానీ ఎదురుగా చాపల మీద మా చర్చి సంఘమంతా కూర్చుని ఉంది, గిన్నెల బీరువా ఉండాల్సిన చోట ప్రసంగ వేదిక ఉంది, దాని పక్కనే మా పొయ్యి మండుతోంది, ఇదేమిటని ఎవరూ అడగడం లేదు, నేనూ అడగడం లేదు. నా భార్య పోయి పద్నాలుగు నెలలైందని నాకు తెలుసు. ఆ సంగతి ఆమె ముందు ఎత్తడం మర్యాద కాదనిపించి ఊరుకుంటున్నాను.

నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల ఆరాధనలో అందరూ తాగే ద్రాక్షరసం ఆమె చేతిదే. శనివారం పొద్దున్నే ఎండుద్రాక్ష కడిగి నానబెట్టి, సాయంత్రం ఉడికించి, నా పాత పంచె ముక్కలో వడగట్టి, నూట పది చిన్న గ్లాసులను ఒక్కొక్కదానిలో వేలు పెట్టి తోమి బోర్లించేది. ఇరవై ఆరేళ్లు. ఒక్క నెల తప్పలేదు. చలిజ్వరంతో వణుకుతూ కూడా చేసింది. చేసి, వెళ్లి వెనక వరసలో కూర్చునేది. ఆ రసం బజారులో కొంటారని సంఘంలో సగం మంది అనుకునేవారు. అంత పనిని అంత చప్పుడు లేకుండా చేసిన మనిషిని నేను మరొకరిని చూడలేదు, పాస్టరు గారిని కలుపుకునే చెబుతున్నాను. నేను మాత్రం ఏం చేశాను? శనివారం అన్నం ఆలస్యమైందని కంచం నెట్టేశాను.

"పేర్లు చెప్పు, వింటా," అంటుంది తలెత్తకుండా.

మందిరం కట్టి యాభై ఏళ్లయిన కృతజ్ఞత కూటం రేపు ఉదయం. చివర వందన సమర్పణ చేయమని నన్ను అడిగారు, మొదటి నుంచి సేవ చేసినవాళ్ల పేర్లన్నీ గుర్తున్నది నాకొక్కడికేనట. కూటం రేపే అయినా సంఘం ఇప్పుడే వచ్చి కూర్చుంది కాబట్టి నేను లేచి మొదలుపెడతాను. పునాదికి రాళ్లు మోసినవాళ్లు, కప్పుకు తాటిదూలాలు ఇచ్చినవాళ్లు, ఇంటింటా వండే ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం మూటగట్టి తెచ్చిన ఆడవాళ్లు, పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించిన పంతులమ్మ. పేరు పిలిచినప్పుడల్లా ఆ మనిషి లేచి నిలబడి కూర్చుంటున్నాడు, అందులో చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు, వాళ్ల బట్టలే ఎక్కువ తెల్లగా ఉన్నాయి. ఒక్కొక్క పేరు చెబుతుంటే నా గొంతు నాకే పెద్దదిగా వినిపిస్తోంది. వీళ్లంతా గొప్పవాళ్లు. నేను తేలిగ్గా అనే మాట కాదది.

"ఇంకా?" అంటుంది రాహేలు.

"అంతే. చివర నీ పేరు."

"ఒకటి తగ్గింది."

తగ్గలేదు, నేను తీసేశాను. ఆశీర్వాదం పేరు. ముప్పై ఏళ్లుగా మందిరం ఊడ్చేదీ గంట కొట్టేదీ వాడే. మా సంఘంలో ఎవరైనా పోతే వాళ్ల వయసు ఎంతో అన్ని దెబ్బలు, మెల్లగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక వాక్యం చదివేంత ఎడంతో గంట కొడతారు. తాగి కాలవలో పడి పోయినవాడికి కూడా వాడు కొట్టాడు. రాహేలు తుపాను వానలో తెల్లవారుజామున పోయింది. యాభై ఎనిమిది దెబ్బల కోసం నేను ఆమె పక్కన కూర్చుని చెవులు రిక్కించి ఎదురు చూశాను. ఒక్కటి మోగలేదు. మూడో రోజు వాడు ఏదో చెబుదామని వాకిట్లోకి వచ్చాడు. మొహం మీద తలుపు వేశాను. అప్పటి నుంచి మాట లేదు. రేపు అందరి ముందూ అందరి పేర్లూ చెప్పి, వాడి పేరు దగ్గర దాటేసి దిగిపోతాను, ఊరికి అర్థమవుతుంది. వందన సమర్పణకు ఒప్పుకున్నదే అందుకు.

ఇదంతా నేను పైకి చెప్పలేదు. అయినా ఆమె విన్నట్టే నవ్వుతోంది.

"మోకాళ్లు అరిగిపోయినయ్, పళ్లు ఊడినయ్. నీ కోపానికి మాత్రం ముసలితనం రాలేదయ్యా."

నాకు ఉక్రోషం వస్తుంది. ఎవరి కోసం ఈ కోపమంతా అని అడగబోతాను, ఈలోగా చాపల కింద నుంచి నీళ్లు ఊరడం మొదలవుతుంది, సంఘం కదలదు, చిన్న గ్లాసులు ఒక్కొక్కటే తేలి వేదిక వైపు వెళుతుంటాయి, ఆమె వాటిని ఏరి ఒడిలో వేసుకుంటూ, కూరలో ఉప్పు చాలిందా అని అడిగినట్టుగా అడుగుతుంది.

"ఆరోజు నన్ను దించేటప్పుడు గుంటలోకి చూశావా?"

"చూశా."

"నీళ్లున్నయ్యా?"

మా సమాధుల దొడ్డి కాలవ పక్కన పల్లంలో ఉంటుంది, మామూలు వానకే అక్కడ పాదాలు దిగబడతాయి, అప్పటికి మూడు రోజులుగా కురుస్తోంది. గుంటలో చుక్క నీళ్లు లేవు. అడుగున పొడి ఇసుక పరిచి ఉంది. నేను చూశాను. ఒడ్డున ఆశీర్వాదం నిలబడి ఉన్నాడు, లుంగీ ఎగగట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో, చేతిలో బకెట్టుతో, అరచేతుల తోలు లేచిపోయి. అదీ చూశాను. ఆ వానకు తవ్వేవాళ్లెవరూ ఇల్లు కదల్లేదు. ఒక్కడే తవ్వి, ఊరిన నీళ్లు ఊరినట్టే మధ్యాహ్నం దాకా తోడి పోశాడు. గుంటలో ఉన్న మనిషి గంట తాడు దగ్గర ఎలా ఉంటాడు? ఇంతోటి లెక్క నాకు రాక కాదు. లెక్క తేలితే కోపం పెట్టుకోవడానికి మనిషి మిగలడని పద్నాలుగు నెలలు దాని జోలికి పోలేదు.

"గంట మోగుంటే వినేవాడివి నువ్వు. నాకేం వినపడిద్ది? నాకు కావాల్సింది ఆశీర్వాదమన్న చేశాడు," అంటుంది రాహేలు. తర్వాత నెమ్మదిగా, "నా వీపు కింద ఇప్పటికీ పొడిగానే ఉందయ్యా," అంటుంది.

నీళ్లు నా మోకాళ్లకు వచ్చాయి, చల్లగా, ఎముక దాకా చల్లగా, సంఘమంతా నా నోటి వైపే చూస్తోంది, నీకు నేను ఏనాడూ ఒక్క మంచి మాట చెప్పలేదు రాహేలూ అని చెబుదామనుకుంటాను, ఆమె చెయ్యి అడ్డంగా ఊపి వేదిక వైపు చూపిస్తుంది, ముందు అది కానివ్వమన్నట్టు, నేను నోరు తెరుస్తాను.

ఆ పేరు నేనే పైకి అన్న చప్పుడుకు మెలకువ వచ్చింది.

తెల్లవారుతోంది. బయట వాన. కాళ్ల వైపు కిటికీ రెక్క గాలికి తెరుచుకుని జల్లు మంచం మీదికి కొడుతోంది. దుప్పటి జారిపోయి నా రెండు కాళ్లూ మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. మహా అయితే పావుగంట తడిసి ఉంటాయి, అప్పుడే తిమ్మిరెక్కాయి.

కిటికీ వేయలేదు. కాళ్లు తుడుచుకోలేదు. అలాగే కూర్చుని పేర్లు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవడం మొదలుపెట్టాను.

మొదట, ఆశీర్వాదం గారు.