కుడి పక్క జిప్పు

మా అమ్మ మెర్ల్ ట్రెవిన్‌ది ఎడమచేతి వాటం. ఆడవాళ్ళ గౌనుకి జిప్పు ఎడమ పక్కన కుట్టడం లోకమంతా ఉన్న పద్ధతి. అమ్మ మాత్రం తన చేతికి వీలుగా కుడి పక్కనే కుట్టేది. తన గౌనుకే కాదు, ఊళ్ళో ఎవరు కుట్టమన్నా అంతే. పక్కింటి బెరిల్ ముప్పయ్యేళ్ళుగా ఆటపట్టిస్తూనే ఉంది. "ఏమే మెర్ల్, నువ్వు కుట్టింది తొడుక్కుంటే అద్దంలోంచి బయటికొచ్చినట్టుంటుందే నాకు!"

నేను కుట్టు నేర్చుకున్నది అమ్మ మిషను దగ్గరే. అందుకని నా జిప్పులూ కుడి పక్కనే. మార్చుకుందామన్నా చెయ్యి మాట వినలేదు.

సిడ్నీ వచ్చి పదకొండేళ్ళయింది. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ బార్లలో ఆడవేషాలు కట్టి, రికార్డు పాటలకి పెదవులు కదుపుతూ ఆడే మగవాళ్ళకి గౌన్లు కుట్టేవాణ్ణి. నేనూ వాళ్ళలాగే గే, అంటే మగవాళ్ళనే ప్రేమించేవాణ్ణి. అమ్మకి మాత్రం హోటళ్ళకి కర్టెన్లు కుడుతున్నానని చెప్పాను. ఆ ఏళ్ళలో మావాళ్ళు ఒకరి వెనక ఒకరు ఎయిడ్స్ జబ్బుతో పోయారు. షోలకన్నా అంత్యక్రియలకే ఎక్కువసార్లు ముస్తాబయ్యాం. మమ్మల్ని చూసి జనం రోడ్డుకి అవతలి పక్కనుంచి నడిచేవారు.

తొంభై అయిదులో మా సినిమా వచ్చింది. ఇద్దరు ఆడవేషగాళ్ళకి వారసత్వంగా ఓ గొర్రెల ఫారం దొరుకుతుంది, వాళ్ళు ఉన్ని కత్తిరించే షెడ్డులో షో పెడతారు, అదీ కథ. నాతో ఒకే ఇంట్లో ఉండే స్నేహితుడు క్లైవ్‌ది అందులో పెద్ద వేషం. గౌన్లన్నీ నావి. తెర మీద పేరేం వెయ్యమంటావని అడిగితే "మేడమ్ ఓపల్" అని రాసిచ్చాను.

"ఒసే పిరికిదానా!" అన్నాడు క్లైవ్. మాలో మేము అలాగే పిలుచుకుంటాం. "సొంత పేరు వేసుకుంటే కొంపేం మునుగుతుందే?"

"మా ఊళ్ళో చూస్తారే."

"మీ కుల్‌గారాలో గొర్రెలు తప్ప ఇంకెవరు చూస్తారే!"

అందరూ చూశారు! మొదటి వారం మావాళ్ళే చూశారు, రెండో వారం మావాళ్ళు తమ అక్కచెల్లెళ్ళని తీసుకెళ్ళారు, నెల తిరిగేసరికి దేశమంతా చూసింది. మా బారుకి బ్యాంకు గుమస్తాలు పెళ్ళాలతో సహా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఒకప్పుడు మమ్మల్ని వ్యానెక్కించిన పోలీసాయన టోపీ చంకలో పెట్టుకుని, మా ఆవిడకోసం అంటూ క్లైవ్ సంతకం అడిగాడు. రోడ్డుకి అవతల నడిచినవాళ్ళు ఇవతలికొచ్చి పలకరించారు. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదంటే నమ్మండి.

అప్పుడు అమ్మ ఫోన్ చేసింది. "డెస్, ఆ గౌన్ల సినిమా శనివారం మధ్యాహ్నం మన హాల్లో వేస్తున్నారుట్రా. ఊరంతా వెళ్తోంది. బెరిల్ నాకూ టికెట్ తీసుకుంది."

ఫోన్ పెట్టేసి, ఇక దాచలేనని క్లైవ్ దగ్గర తల పట్టుకున్నాను. క్లైవ్ మాత్రం ఎగిరి గంతేశాడు. "నువ్వూ వెళ్ళు. వెనక వరసలో దాక్కో. మీ అమ్మ మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయిందనుకో, నోరు మూసుకుని వచ్చేసి బతికినంతకాలం కర్టెన్లే కుట్టుకో. చివరిదాకా కూర్చుంటే నిజం చెప్పెయ్. ఒట్టు?"

"ఒట్టు," అన్నాను.

రైలూ బస్సూ పట్టుకుని, సినిమా మొదలయ్యాక చీకట్లో హాల్లోకి దూరాను. గనుల్లో పనిచేసేవాళ్ళు, ఉన్ని కత్తిరించేవాళ్ళు, టోపీలు పెట్టుకున్న ముసలమ్మలు, ఒక్క కుర్చీ ఖాళీ లేదు. క్లైవ్ ఎవరో కూడా తెలియనివాళ్ళు క్లైవ్ జోకులకి పడీ పడీ నవ్వుతున్నారు. పంతొమ్మిదో ఏట నన్ను పబ్బు వెనక చితకబాదిన ఊరు ఇదే. ఇప్పుడు మా పాటకి కాళ్ళతో తాళం వేస్తోంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. మూడో వరసలో బెరిల్ పక్కన అమ్మ తల కనిపించింది. ఆ తల కదలడం లేదు.

షెడ్డులో షో మొదలయ్యే ఘట్టం వచ్చింది. క్లైవ్ ఆకుపచ్చ గౌను జిప్పు ఇరుక్కుంటే, మొరటుగా ఉండే ఉన్ని కత్తిరించేవాడొకడు వచ్చి మెల్లిగా పైకి లాగుతాడు. తెర నిండా ఆ జిప్పే. హాలంతా ఈలలు!

అమ్మ లేచి నిలబడింది.

"కూర్చోవమ్మా, కనపడట్లేదు!" అని వెనకనుంచి అరిచారు. బెరిల్ చెయ్యి పట్టి లాగింది. "ఏమైందే నీకు?"

అమ్మ విడిపించుకుని గబగబా తలుపువైపు నడిచింది. క్లైవ్‌కి వేసిన ఒట్టు ప్రకారం నోరు మూసుకుని వెనక్కి పోవాలి. కానీ కాళ్ళు అమ్మ వెనకే వెళ్ళాయి.

అమ్మ ఇంటికి వెళ్ళలేదు. బయటి గదిలో గోడ ఫోన్‌లో నాణెం వేసి మా సిడ్నీ నంబరే తిప్పుతోంది.

"ఎవరు బాబూ? మా డెస్ లేడా? ఆగాగు, నీ గొంతు నేనిప్పుడే విన్నాను. ఆ ఆకుపచ్చ గౌనువాడివి నువ్వేనా? అదే! మరి మావాడికి చెప్పు, వాళ్ళమ్మ జిప్పు చూసిందని చెప్పు. కుడి పక్కన జిప్పు కుట్టేవాళ్ళు ఈ దేశంలో ఇద్దరే. ఆ గౌను నేను కుట్టలేదు."

"అమ్మా," అన్నాను.

ఫోన్ వదిలేసి తిరిగింది. అది తీగకి వేలాడుతుంటే అందులోంచి క్లైవ్ కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. అమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"కర్టెన్లా?" అంది.

నేను వేలాడుతున్న ఫోన్ తీసి పెట్టేశాను. అమ్మ ఆగలేదు.

"పదకొండేళ్ళు కర్టెన్లే కుట్టడానికి సిడ్నీలో అన్ని కిటికీలెక్కడివిరా? ఏదో దాస్తున్నావని తెలుసు. నువ్వే చెప్తావని చూశాను."

"నేను కూడా వాళ్ళలాంటివాణ్ణేనమ్మా."

"అదీ తెలుసు. ఇంత బాగా కుడతావనే తెలియలేదు." కళ్ళు తుడుచుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పద పద, అయిపోతుంది సినిమా!"

మూడో వరసలో బెరిల్‌ని జరిపించి నన్ను మధ్యలో కూర్చోబెట్టింది. బెరిల్ నన్నూ తెరనీ మార్చి మార్చి చూసి ముక్కున వేలేసుకుంది. చివర పేర్లు పడుతుంటే హాల్లో జనం లేవబోయారు. "దుస్తులు: మేడమ్ ఓపల్" అని పడింది.

"ఎవత్తిరా అది?" అంది అమ్మ.

"నేనేనమ్మా. భయపడి అలా రాశాను."

అమ్మ మళ్ళీ లేచింది. ఈసారి కుర్చీ ఎక్కి నిలబడింది. ఊరు ఊరంతా తనవైపే చూస్తుండగా తెరవైపు ఎడమచెయ్యి చాపి, గనిలో సైరన్ మోగినట్టు అరిచింది.

"అది తప్పు! వాడి పేరు డెస్మండ్ ట్రెవిన్! నా కొడుకు!"