మేకకు అందని ఎత్తు

ఊళ్లో అందరూ ఆయన్ని మేకలాయన అనే పిలుస్తారు. మేకలు పోయి ఏళ్లయింది గానీ పిలుపు పోలేదు.

కొండ బోడిగుండై, దాని కింది ఊట ఎండిపోయినప్పుడు ఊరంతా కూర్చుని మాట్లాడుకుంది. ఇక చెట్టు నరకొద్దు, మేకల్ని తోలొద్దు అనుకున్నారు. పైనుంచి ఎవరూ వచ్చి చెప్పలేదు. తమంతట తామే అనుకున్నారు. మళ్లీ ఎప్పుడు తోలాలో చెప్పే పని మేకలాయనకే అప్పజెప్పారు. మేక వెనక కాళ్ల మీద లేచి మెడ చాచినా మొక్క చిటారు చిగురు అందనప్పుడే తోలాలి. ఆ ఎత్తు సరిగ్గా ఆయన భుజమంత.

మందను సంతలో అమ్మేసి ఒట్టి కర్రతో ఇంటికొచ్చాడు. అప్పటినుంచీ వెలుగు రాకముందే మెలకువ వచ్చేది. లేచి చేసేదేమీ ఉండేది కాదు. ఖాళీ దొడ్లో నిలబడేవాడు. రాళ్ల మీద గిట్టల చప్పుడు, పంచె అంచు నమిలే మేకపిల్లలు, అవన్నీ కళ్ల ముందు మెదిలేవి. మంద వాసన పట్టిన చొక్కా ఒకటి ఉంది. దాన్ని ఉతకనిచ్చేవాడు కాదు.

పెళ్లాం ఊరుకుంటుందా?

"నేను పుట్టింట్లో నెల రోజులున్నా, ఒక్కనాడైనా నా చీర ఇట్లా వాసన చూసుకున్నావా?"

"నువ్వు తిరిగొస్తావుగా," అన్నాడు.

ఆమె మళ్లీ ఆ చొక్కా జోలికి పోలేదు.

ఈ వానలకి కొండ పచ్చబడింది. ఊటలో బిందె మునిగేన్ని నీళ్లొచ్చాయి. బావమరిది ఇంటికొచ్చాడు. తాపీమేస్త్రి, ఒకప్పుడు తనకీ రెండు మేకలుండేవి.

"బావా, రేపు మధ్యాహ్నం మీటింగు. కొండ తెరుద్దాం అను, చాలు. నీ నోట మాటొస్తే కాదనేవాడెవడు? సంతలో నీ మంద జాతి పిల్లలున్నాయి. అవే మచ్చల చెవులు. నా కళ్లతో చూశా."

మేకలాయన మూలనున్న పాత కర్ర తీసి దుమ్ము తుడిచాడు.

పొద్దున్నే కొండెక్కాడు. కింది వాలంతా మొక్కలు తల దాటి పోయాయి. తనలో తనే నవ్వుకున్నాడు. ఎండ వేళ మందను ఎక్కడ ఆపాలో కూడా చూసిపెట్టుకున్నాడు. ఇంకా పైకి పోయాడు. ఊటకు నీరు దిగేది ఆ పై రాతినేల నుంచే. అక్కడ మొక్కలు వెనకబడ్డాయి. ఒకదాని పక్కన భుజం ఆనించాడు. చిగురు కిందే ఉంది. ఇంకొక దాని దగ్గరకు పోయాడు. అదీ అంతే. మోకాళ్లు కాస్త వంచి చూశాడు. అప్పుడు సరిపోయింది.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అయినా సిగ్గేసింది. మోకాళ్లు సరిచేసుకుని నిటారుగా నిలబడ్డాడు. కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

బడి గదిలో ఊరంతా చేరింది. చిన్నపిల్లల బల్లల మీద పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు.

"ఏం మామయ్యా, తెరుద్దామా?" అంది పంతులమ్మ.

ఆయన అరచేతులు చూసుకున్నాడు.

"పైన ఇంకా అందుతుందమ్మా."

"ఎంత?"

"జానెడు."

గదంతా గొణుగుడు. బావమరిది లేచాడు. "జానెడు కోసం ఊరందరి నోరు కట్టేస్తావా? పోనీ, కింది సగం తెరుద్దాం."

"కిందే ఆగితే దాన్ని మేక అని ఎందుకంటారోయ్?" అన్నాడు మేకలాయన.

అందరూ నవ్వారు. బావమరిదికి నవ్వు రాలేదు.

"ఆ రాళ్లలో జానెడు పెరగాలంటే ఇంకెన్ని వానలు పడాలో! అప్పటికి నీ కాళ్లు కొండెక్కుతాయా బావా?"

ఆ మాట అన్నాక తనే తల దించుకున్నాడు.

"ఎక్కకపోతే నువ్వు తోలు," అన్నాడు మేకలాయన. "నేను ఊట దగ్గర కూర్చుంటా. మేకలు కిందనుంచి కూడా కనబడతాయిలే."

పంతులమ్మ, "సరే అయితే, అప్పుడే చూద్దాం," అంది. ఒక్కొక్కరే లేచి, బల్లలు సర్ది వెళ్లిపోయారు.

దారిలో పెళ్లాం అడుగు వేగం పెంచి ఆయన పక్కకొచ్చింది.

"తెరుద్దామన్నా ఎవరూ పైకి పోయి కొలిచేవాళ్లు కాదు."

"తెలుసు," అన్నాడు.

కొండ ఎడమ చేతి వైపు ఉంది. అటు చూడకుండా నడిచాడు.