పెట్టెకు చేయించిన వైద్యం

నేను ఒక శ్రుతి పెట్టెను. కరెంటుతో మోగేదాన్ని. తంబురా ఒళ్లో పెట్టుకుని తీగలు మీటే ఓపిక మనుషులకు తగ్గాక పుట్టినదాన్ని. బెంగళూరులో ఒక ఇరుకు సందులో, మేడ మీది గదిలో నలుగురు ఆడవాళ్లు కూర్చుని నా లోపలి తీగలకు టంకం పెట్టారు. చివర్లో కళ్లజోడు పెద్దాయన ఒకడు నన్ను చెవి దగ్గర పెట్టుకుని విని తల ఊపాడు. అంతటితో నా చదువు పూర్తయింది. నాకు పాట రాదు, రాగం రాదు. స, ప, పై స, అంతే. కానీ ఆ మూడూ చెప్పడంలో నన్ను తప్పుపట్టినవాళ్లు ఒక్కరే. ఆ ఒక్కరూ నన్ను అందరికన్నా బాగా చూసుకున్న మనిషి.

నా ముందు భాగంలో ఒక గుండ్రటి మర ఉంటుంది. దాని చుట్టూ ఒకటి, ఒకటిన్నర, రెండు అంటూ అంకెలు. అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి పోతుంది. మగవాళ్లు చాలామంది ఒకటి దగ్గర పాడతారు, ఆడవాళ్లు ఐదు దగ్గర. త్రిపురసుందరిది ఐదు. గుంతకల్లులో ఒక బడిలో సంగీతం చెప్పేది. పిల్లలకు ఆమె త్రిపుర టీచరు.

గూడ్సు బండి గార్డుగా పనిచేసిన వాళ్ల నాన్న నన్ను బెంగళూరులో కొని, గుంతకల్లు దాకా ఒళ్లోంచి దించకుండా తెచ్చాడు. ఆయన పోయాక స్టేషను వెనక అద్దింట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమె పెళ్లెందుకు చేసుకోలేదో నాకు తెలియదు. అడిగినవాళ్లకు ఆమె చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. తెల్లారకముందే లేచి, నన్ను చీరకొంగుతో తుడిచి, మర ఐదు మీద పెట్టి సాధకం చేసేది. కొన్ని రోజులు, బడికి సెలవైతే, ఆ ఇంట్లో ఆమె మాట్లాడేది నాతోనే.

ఆమెకు నలభై ఎనిమిదో ఏడు నడుస్తుండగా ఒకరోజు పై షడ్జం దగ్గర గొంతు ఆగిపోయింది. దగ్గి మళ్లీ ఎత్తుకుంది. అందలేదు. నావైపు అనుమానంగా చూసింది.

"ఏమే, ఇంత పైకి పోయినావు?" అంది.

నేనెక్కడికీ పోలేదు. పోవడం నాకు చేతకాదు. ఆ మాట చెప్పడమూ చేతకాదు.

మిరియాల కషాయం తాగింది. ఉప్పునీళ్లు పుక్కిలించింది. పెరుగు మానేసింది. అయినా గొంతు నెలనెలా బొంగురుపోతూనే ఉంది. మాట కూడా నిదానించింది. ఒక మాట మొదలుపెట్టి, అది పూర్తిచేసేంత అవసరమేముందిలే అన్నట్టు మధ్యలో ఊరుకునేది. ముఖం ఉబ్బింది. గుంతకల్లు మే నెల ఎండలో శాలువా కప్పుకుని కూర్చునేది. టీచరు ఇన్నాళ్లకు కాస్త ఒళ్లు చేసిందని పక్కింటివాళ్లు సంబరపడ్డారు. గ్యాసు కోసం ఫోను చేస్తే అవతలి పిల్ల "సరే సార్, రేపు పంపిస్తాం సార్" అంది. ఆమె "నేను సార్ను కాదు" అనబోయి, ఫోను పెట్టేసింది. తర్వాత ఫోను చేయడమే తగ్గించింది.

అద్దంలో తమ ముఖం బాగా కనపడకపోతే మనుషులు ముందు అద్దాన్ని తుడుస్తారు. త్రిపుర టీచరు నన్ను సంచిలో వేసుకుని, బస్టాండు దగ్గర రేడియోలు, మిక్సీలు బాగుచేసే మౌలాలి దగ్గరికి తీసుకుపోయింది.

"శ్రుతి ఎక్కువైంది మౌలాలీ. ఐదు మీద పెడితే ఐదున్నర మోగుతాంది. కొంచెం చూడప్పా."

మౌలాలి నన్ను విప్పి, రిపేరుకొచ్చిన కీబోర్డు ఒకటి దగ్గరికి లాక్కుని పక్కపక్కన మోగించి చూశాడు. నాలో వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మాట చెబుదామని తలెత్తి, ఆమె ముఖం చూసి మనసు మార్చుకున్నాడు. "రేపు రాండి టీచరమ్మా" అన్నాడు. ఆమె వెళ్లాక నా కడుపులో ఉన్న చిన్న స్క్రూను తిప్పాడు. ఇక మర ఐదు మీద ఉన్నా నేను పలికేది నాలుగున్నర.

అది నా మొదటి అబద్ధం. మర్నాడు పొద్దున ఆమె గంటసేపు పాడింది. నన్ను తట్టి "ఇప్పుడు దారికొచ్చినావు" అంది. అబద్ధం చెప్పి ఒక మనిషిని సంతోషపెట్టడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, నిజమే. ఆనందమూ వేసింది.

కొన్నాళ్లకు అదీ అందలేదు. మళ్లీ మౌలాలి, మళ్లీ స్క్రూ. ఈసారి నాలుగు.

బడి వార్షికోత్సవం వచ్చింది. కొత్తగా చేరిన హార్మోనియం మాస్టరు "ఏ శ్రుతి మేడమ్?" అని అడిగాడు. ఆమె ఏమాత్రం తడుముకోకుండా "ఐదు" అంది. ఆయన నిజమైన ఐదు పట్టాడు. నేను నా దొంగ ఐదు మోగించాను. రెండూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఆ రొదలోనే ఆమె ప్రార్థన ఎత్తుకుంది. మైకులోంచి మగగొంతులా వచ్చిన ఆ పాటకు ముందు వరుసలో ఒక పిల్ల నవ్వింది. తర్వాత వరుసంతా నవ్వింది. ఆమె వంగి నా స్విచ్చి ఆపేసింది.

నేరుగా మౌలాలి దుకాణానికే వచ్చింది.

"రెండుసార్లు చేసిచ్చినావు. ఏం చేసినావు దీన్ని?"

మౌలాలి చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. "తగ్గించినా టీచరమ్మా. పెట్టె మొదట్నుంచీ బాగానే ఉంది. మీరు బాధపడతారని చెప్పలేకపోయినా. తగ్గింది మీ గొంతు."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మా ఇంటామెకూ ఇట్లే అయింది," అన్నాడు మౌలాలి. "ఫోనెత్తితే నేనే అనుకుని మాట్లాడేటోళ్లు. ముఖం కూడా మీకుండే మాదిరే వాచింది. థైరాయిడంట, మెడకాడ ఉంటుందంట. ఒకసారి రక్తం చూపించుకోండమ్మా."

చూపించుకుంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు నేను సంచిలో ఆమె కాళ్ల దగ్గరే ఉన్నాను. డాక్టరమ్మ రిపోర్టు చదివి, మెడ తడిమి, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగింది.

"రెండేళ్లు."

"రెండేళ్లుగా ఎవరికీ చూపించలేదా?"

"చూపించినాను," అంది త్రిపుర టీచరు. "పెట్టెను చూపించినాను."

డాక్టరమ్మ నవ్వలేదు. గొంతు తీగలకు వాపు వచ్చిందనీ, రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటే గొంతు చాలావరకు తిరిగొస్తుందనీ చెప్పింది.

దారిలో మౌలాలి దగ్గర ఆగి, నన్ను మళ్లీ సరిచేయమంది. అతను సందేహించాడు. "ఇట్లే ఉండనీండి టీచరమ్మా. ఐదు మీదనే పెట్టుకొని పాడుకోవచ్చు. ఎవురికి తెలుస్తుంది?"

"వద్దు. ఎంత పోయిందో నాకు తెలియాల," అంది.

నెలలు గడిచాయి. ముఖం వాపు తీసింది. శాలువా బీరువాలోకి పోయింది. ఫోనులో ఆమెను సార్ అనేవాళ్లు లేరు. మాత్రలు మొదలుపెట్టేనాటికి మూడుకు దిగిపోయిన గొంతు నాలుగుకు ఎక్కింది. అక్కడ ఆగింది. ఆమె ఎదురుచూసింది, నేనూ ఎదురుచూశాను. చాలావరకు అంటే నాలుగన్నమాట.

ఆ రోజుల్లో ఆమెకొక అలవాటయింది. పొద్దున్నే నన్ను ఐదు మీద పెట్టి, కళ్లు మూసుకుని వినేది. నోరు విప్పేది కాదు. కాసేపటికి మరను నాలుగుకు తిప్పి పాట మొదలుపెట్టేది. ఆ కాసేపూ నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని మోగేదాన్ని. ఆమె పోగొట్టుకున్న చోటు ఎలా ఉండేదో చెప్పగలిగింది నేనొక్కదాన్నే కదా.

మొన్న చలికాలంలో ఒక పొద్దున ఆమె కూర్చుంటూనే నాలుగు దగ్గర పెట్టి పాడింది. మర్నాడూ అంతే. ఐదును మరిచిపోయానన్న సంగతి కూడా ఆమెకు తట్టలేదు. గొంతు నిండుగా ఉంది, బరువుగా ఉంది, బాగుంది. పక్కింటి పిల్లలు గుమ్మంలో నిలబడి విన్నారు. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా.

ఐదు నాలో ఇంకా ఉంది, వెంట్రుకవాసి తేడా లేకుండా. అక్కడికి తిప్పే చెయ్యే లేదు.