సరోజనకు చదువు రాదు

అరవై తొమ్మిదో సంవత్సరం. తెలంగాణ కావాలని పిల్లలూ పెద్దలూ రోడ్ల మీదికి వచ్చిన రోజులు. ఏ రైలు ఎప్పుడొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఎవరికీ తెలియదు. కేసముద్రంలో బడికి తాళం పడింది. పంతులు సంచి సర్దుకుని సొంతూరికి వెళ్లిపోయాడు.

బడి మూతపడిందని వజ్రమ్మ బెంగపెట్టుకోలేదు. ఆమె ఏ బడికీ పోయిన మనిషి కాదు. ఆమె చిన్నప్పుడు బడి అంటే మగపిల్లలకు, అదీ ఉర్దూలో. కిరాణా దుకాణం నుంచి వచ్చిన పొట్లాలు విప్పి, ఆ కాగితాలు నిమిరి, చదువొచ్చిన వాళ్లను బతిమాలి ఒక్కో మాటా పట్టుకుంది. అట్లాగే చదవడం వచ్చేసింది.

ఆమె భయాలు వేరు. ఇంట్లో ఎవరైనా చెప్పులేసుకుంటే చాలు, గుండె దడదడలాడేది. రజాకార్ల కాలంలో భర్త ఎడ్లు కొనుక్కొస్తానని మానుకోటకు పోయి మళ్లీ గడప తొక్కలేదు. ఒక్కగానొక్క కూతురు సులోచన వరంగల్ దవాఖానకు నవ్వుకుంటూ పోయింది. తిరిగి మాత్రం నలుగురూ మోసుకొచ్చారు. ఇప్పుడు వజ్రమ్మకు మిగిలింది సులోచన కూతురు, ఆరేళ్ల సరోజన. పిల్ల పెరట్లోకి పోయి కాసేపు చప్పుడు చేయకపోతే, "ఏడున్నవే?" అని కేకేసేది. "ఈడనే ఉన్ననవ్వా" అని వినబడేదాకా చేతిలో పని సాగేది కాదు.

పిల్లకు చదువెట్లా చెప్పాలో వజ్రమ్మ చాలా ఆలోచించుకుంది. పంతుళ్లు అక్షరంతో మొదలుపెడతారు. ఆమె మాటతో మొదలుపెట్టింది. మాట పిల్ల నోట్లో ఎప్పుడో ఉంది, దానికి రూపం చూపిస్తే చాలని ఆమె నమ్మకం. పొద్దున్నే సరోజననూ, పొలం పనికొచ్చే తుల్సీబాయి కూతురు చంద్రినీ గోడ ముందు కూర్చోబెట్టేది.

"ఏం జూసిండ్రే నిన్న?"

"కోతి సైకిల్ మీద కూసున్నది" అనేది సరోజన.

"ఎవ్వరి సైకిల్?"

"పోశయ్య తాతది. తాత కట్టె పట్టుకోని ఉరికిండు, కోతి పండ్లికిలిచ్చింది."

వజ్రమ్మ బొగ్గు తీసుకుని పిల్ల చెప్పింది చెప్పినట్టే గోడ మీద పెద్దగా రాసేది. తాము అన్న మాట గోడెక్కి కూర్చుంటే పిల్లలిద్దరూ దాని ముందు నుంచి కదిలేవారు కాదు. కోతి ఎక్కడుంది, సైకిల్ ఎక్కడుంది అని వేలు పెట్టి వెతికేవారు. తరువాత బూడిద పరిచిన పళ్లెంలో ఆ మాటే వాళ్ల వేలితో రాయాలి. వారం చివర తప్పుల ఆట. వజ్రమ్మ గోడ ముందు నిలబడి, ఏమీ ఎరగనట్టు, "బర్రె సైకిల్ మీద కూసున్నది" అని చదివేది.

"బర్రె గాదవ్వా, కోతి!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచేవారు.

"బర్రె కూసుంటే పోశయ్య సైకిల్ బతుకుతదానే?" అనేది చంద్రి. ముగ్గురూ పడీపడీ నవ్వేవారు.

ఎండలు ముదిరిన రోజుల్లో సరోజన తండ్రి వెంకట్రాం వచ్చాడు. అతనిది డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం. సులోచన పోయిన రెండేళ్లకు సుమిత్రను చేసుకున్నాడు. సుమిత్ర మంచి పిల్లేనని అందరూ అన్నారు. వజ్రమ్మా కాదనలేదు.

"అత్తమ్మా, ఇల్లు కుదురుకున్నది. సుమిత్ర గూడ పిల్లను తెమ్మంటున్నది" అన్నాడు వెంకట్రాం. "మా దగ్గర బడి పెద్ద పంతులమ్మను అడిగిన. బళ్లు తెరిచేనాటికి చదువుడు వస్తే రెండో తరగతిల కూసోబెడ్తరట. రాకుంటే మల్ల ఏడాది జూన్‌ల తీస్కరమ్మన్నది. జర నువ్వే చెప్పాలె."

"చెప్తున్న గద నాయినా" అంది వజ్రమ్మ. తలుపు చాటున నిలబడ్డ సరోజనను ఇద్దరూ చూడలేదు.

అతను వెళ్లిన మర్నాడు వజ్రమ్మ బొగ్గు ముట్టలేదు. పలక తీసి 'అ' రాసి, "దిద్దుండ్రి" అంది. తెల్లారి మళ్లీ అదే. వారాలు గడిచినా పలక 'ఈ' దాటలేదు. గోడ మీద ఉన్న మాటలన్నీ తడిగుడ్డతో తుడిచేసింది. చదువు రాకుంటే ఒక ఏడాది దక్కుతుంది. అప్పటికి ఏమవుతుందో చూసుకోవచ్చు.

"అవ్వా, నీకు గింతే వచ్చా?" అని చంద్రి విసుక్కుంది.

సరోజన మాత్రం బుద్ధిగా దిద్దింది. దిద్దినవి కూడా మరునాటికి మరిచిపోసాగింది. 'ఆ' చూపిస్తే తల గోక్కునేది. తన ఎత్తు ఇంత బాగా పారుతుందని వజ్రమ్మ అనుకోలేదు.

వానలు పడ్డాక ఒకరోజు చంద్రి పరుగెత్తుకుంటూ వచ్చింది. "అవ్వా, సరోజన దొంగది! స్టేషన్ గోడ మీద రాసినయన్ని గడగడ చదివింది. నీకు చెప్తే నాతోని కచ్చి అంటది, ఇంక మాట్లాడదట."

వెనకాలే వచ్చిన సరోజన గుంజ పట్టుకుని నిలబడిపోయింది. "చదువొస్తే బాపు తీస్కపోతడట" అంది నేల చూస్తూ.

వజ్రమ్మ లోపలికి వెళ్లి బెల్లంముక్క తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. సరోజన తలెత్తి అవ్వ ముఖంలోకి చూసింది. ఇద్దరికీ అర్థమైంది. మళ్లీ ఆ మాట ఎత్తుకోలేదు.

బతుకమ్మ ఇంకా వారం ఉందనగా బళ్లు తెరుస్తున్నారని కబురొచ్చింది. దాని వెంటే వెంకట్రాం వచ్చాడు. చెప్పులు విడిచీ విడవకముందే రెండో తరగతి వాచకం తీసి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"చదువు బిడ్డా."

సరోజన పుస్తకం వంక కళ్లప్పగించి చూసింది.

"గిదేం అక్షరం?"

"తెల్వది."

"గిది?"

"తెల్వది బాపు."

వెంకట్రాం ఇంకో నాలుగు చూపించాడు. పిల్ల అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. అతను పుస్తకం మూసి నిట్టూర్చాడు. "ఏంది అత్తమ్మా, గిన్ని నెలలు బలపాలు తినబెట్టినవా? వీళ్లమ్మ ఎంత హుషారుగుండె! దీనికి చదువంటని మా తమ్ముని తెలివి వచ్చింది." కోపం లేదు అతనిలో. పిల్లను దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. "పోనీతియ్యి. నువ్వు మొద్దువైనా నా బిడ్డవే. ఇంకో ఏడాది ఈడనే ఉండు."

తండ్రి భుజం మీదుగా సరోజన అవ్వ వైపు చూసి నవ్వింది. పందెం గెలిచిన నవ్వు. మొద్దు అనిపించుకున్నందుకు ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి.

వజ్రమ్మ ఆ మెరుపును చూసింది. ఇంకో ఏడాది. ఈ పిల్ల ఏడాది పొడుగునా పొద్దున లేచి తెలివిని దాచుకుంటుంది, రాదని చెప్పడమే రోజూ సాధన చేస్తుంది. అదీ తన కోసం.

"చదువు బిడ్డా" అంది వజ్రమ్మ.

"నాకు రాదవ్వా."

"అవ్వ చెప్తున్నది గదా, చదువు."

సరోజన మొండిగా తల ఊపింది. వజ్రమ్మ వెంకట్రాం చేతిలోంచి వాచకం అందుకుంది. ఒక పేజీ తెరిచి గొంతు సవరించుకుంది. "ఒక ఊరిలో ఒక దొంగ ఉండెను. అతడు కుండలు పగులగొట్టును. వాటిని…"

"దొంగ గాదవ్వా, కుమ్మరి!" సరోజన ఒక్క దూకుతో పేజీ మీద వేలు పెట్టింది. "కుండలు చేయును, పగులగొట్టును గాదు. గీడున్నది జూడు, వాటిని సంతలో అమ్మును…"

అని ఆగిపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. తండ్రిని చూసింది, అవ్వను చూసింది. ఆ చూపుకు వజ్రమ్మ తల దించుకుంది.

"అరే, వస్తది గదా!" వెంకట్రాం పిల్లను అమాంతం ఎత్తుకున్నాడు. "గింత చదువు చెప్పి దాచిపెట్టినవా అత్తమ్మా?"

"దాన్నెవ్వరూ మొద్దు అనొద్దు నాయినా" అంది వజ్రమ్మ. "ఇంకెన్నడు అనొద్దు."

ప్రయాణం మర్నాడే. వజ్రమ్మ పిల్లకు రెండు జడలు వేసింది. సకినాలు మూట కట్టింది. సరోజన ఏడవలేదు. స్టేషన్‌కు నడుస్తుంటే ఎప్పటిలా వేలు పట్టుకోలేదు. ప్లాట్‌ఫారం మీద పత్తి బస్తాలు, గుంపులు గుంపులుగా జనం. బండి ఆలస్యంగా వస్తే బాగుండునని వజ్రమ్మ అనుకుంది. ఆ రోజు అది వేళకే వచ్చింది.

వెంకట్రాం పిల్లను పెట్టె మెట్టు మీదికి ఎక్కించి, "అవ్వకు పోయొస్తనని చెప్పు" అన్నాడు.

సరోజన మెట్టు మీద నుంచే వంగి, తండ్రికి వినబడకుండా మెల్లగా అడిగింది.

"అవ్వా, నేను మొద్దు లెక్క మంచిగనే ఉన్న గదా? మరెందుకు పంపిస్తున్నవ్?"

వజ్రమ్మ ఆ చిన్న చేతిని అందుకోబోయింది. వెనక నుంచి జనం తోసుకొచ్చారు. పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

బండి కదిలింది. కిటికీలోంచి వెంకట్రాం చెయ్యి ఊపాడు. అతని పక్కన సరోజన తల ఒక్కటే కనిపించింది, అటువైపు తిరిగి.