కంచె అవతలి మట్టి

తొక్కల డబ్బాకు మూత పెట్టలేదని మా ఆయన పొద్దున్నే అమ్మాయి మీద ఎగిరారు. ఈగలు వంటింట్లో కాపురం పెట్టాయట. ఇంకో రోజైతే అది "మీ పేపరు కప్పండి నాన్నా, చదివేశాక దానికి పనేముంది?" అని నవ్వేసేది. ఆ ఆదివారం మాత్రం డబ్బా తీసుకెళ్ళి గుమ్మం బయట దబ్బున పెట్టింది.

"ఇంట్లో డబ్బాకి మూత లేకపోతే మీకు కనిపించింది. అక్కడ గొయ్యికే మూత లేదు, అడిగేవాడూ లేడు" అంది.

"ఏ గొయ్యే?" అన్నాను.

అది పనిచేసేది మట్టి పరిశోధనా కేంద్రంలో. పాత పురుగుమందుల విషాన్ని తినేసేలా జన్యువులు మార్చిన బాక్టీరియాను అక్కడ కంచె వేసిన మడిలో పరీక్షిస్తున్నారు. అది బయటికి పాకకుండా ఒక ఏర్పాటు చేశారు. ఒంటి చుట్టూ గోడ కట్టుకోవడానికి కావలసిన పదార్థాన్ని అది సొంతంగా తయారుచేసుకోలేదు. వీళ్ళే నీళ్ళలో కలిపి పోయాలి. పోయకపోతే చస్తుంది. ఇనుప కంచె మనుషుల కోసం. బాక్టీరియాకు కంచె ఆ ఆకలే.

కంచె అవతలి మట్టి తెచ్చి, గాజు పళ్ళేల్లో పెంచి చూడడం అమ్మాయి పని. రెండేళ్ళుగా సున్నా. ఈ నెల పళ్ళేనికి నలభై బాక్టీరియా చుక్కలు, తమదేనని గుర్తుపట్టడానికి దానిలో పెట్టిన నీలిరంగుతో సహా. మూడుసార్లు మళ్ళీ చేసింది. మూడుసార్లూ అంతే.

"క్యాంటీన్ ఎంగిలంతా కంచె పక్కనే గొయ్యి తీసి పోస్తున్నారమ్మా. కుళ్ళినదాంట్లో దానికి కావలసింది దొరుకుతుంది. ఆకలితో చావాల్సినదానికి మేమే వడ్డిస్తున్నాం."

"ఎవరు తవ్వమన్నారు?"

"పెదనాన్న. చెత్త లారీ సరిగ్గా రావడం లేదని."

మా బావగారే ఆ కేంద్రానికి అధిపతి. దీనికి ఉద్యోగం వేయించిందీ ఆయనే. విషయం చెబితే, పళ్ళేలు సరిగ్గా కడిగి ఉండవన్నారట. మళ్ళీ చెబితే, సోమవారం భద్రతా కమిటీ వస్తోంది, సున్నా వేసి సంతకం పెట్టమన్నారట. ఆ గొయ్యి పక్కనుంచే కాలువ కూరగాయల తోటల్లోకి పోతుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే వంట చేశాను. ప్రతి ఆదివారం లాగే మధ్యాహ్నం బావగారు భోజనానికి వచ్చారు.

"ఏమ్మా, గోరంతలు కొండంతలు చేస్తున్నావు?" అన్నారు, కంచం ముందు కూర్చుంటూనే.

"గోరంతే పెదనాన్నా. గోటి కింది మట్టిలో కోటి పడతాయి."

మా ఆయన దగ్గారు. "తినేటప్పుడు ఇప్పుడిదెందుకే?"

"పోనీరా, చిన్నపిల్ల చాదస్తం" అన్నారు బావగారు, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "వచ్చే వారం గొయ్యి పూడ్పిస్తాను. ఈలోగా ఒక్క సున్నా. సున్నాకి బరువేముంటుంది?"

"అవతలికి పోయినవి, పూడిస్తే వెనక్కి వస్తాయా?"

ఆయన వినలేదు. అన్నం కలుపుకుంటున్నారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన మాటకు ఎదురు చెప్పని నేను గరిటె గిన్నెలో పడేశాను.

"బరువు లేకపోతే మీరే వేయండి బావగారూ. సంతకం కూడా మీరే పెట్టండి."

ఆయన నావైపు చూడలేదు. తమ్ముడివైపు చూశారు. "ఏరా, మీ ఆవిడ మట్టి శాస్త్రం ఎప్పుడు చదివింది?"

"మట్టి గురించి నాకు తెలియదు. పిల్ల చేత అబద్ధం రాయించడమంటే ఏమిటో తెలుసు."

మా ఆయన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేశారు. అన్నను వెనకేసుకు రాలేదు. అంతవరకు నయం.

"సంతకం పెడతాను పెదనాన్నా" అంది అమ్మాయి.

బావగారి మొహం విచ్చుకుంది. "అదీ!"

"నలభై అని రాసి పెడతాను. పళ్ళేలు పెట్టెలో సీలు వేసి ఉంచాను. రేపు కమిటీ ముందు నేనే విప్పుతాను. గొయ్యి ఎక్కడుందో, ఎవరు తవ్వమన్నారో చెబుతాను. కాలువ మట్టి కూడా పరీక్ష చేయమని అడుగుతాను. ఎల్లుండి నుంచి మీరు రావద్దంటే రాను. రేపు మాత్రం వస్తున్నాను."